టూరింగ్ కారుకు డేరా దారం

పోయిన ఆదివారం మా మనవరాలు నన్ను ఫిల్మ్‌నగర్‌లో కొత్తగా తెరిచిన ఒక కాఫీ కొట్టుకు తీసుకుపోయింది. కొట్టు అంటే దానికి చిన్నతనం, కెఫే అనాలట. పేరేదైతేనేం, చెంబెడు పాలలో చెంచాడు కాఫీ కలిపి పైన నురగతో ఆకు బొమ్మ గీసి ఇస్తారు. బొమ్మ చెరిగిపోతుందని అది తాగదు, చల్లారిపోతుందని నేను ఆగలేను. అలా మూతికి నురగ అంటించుకుని అద్దంలోంచి బయటికి చూద్దును కదా, కొట్టు ముందర నున్నటి బండల మీద, చుట్టూ ఎర్ర తాడు కట్టి, ఒక పాత కారు నిలబెట్టి ఉంది. నేను ముందు చూసింది కారును కాదు, దాని రంగును. లేత వంకాయకు నూనె రాసి ఎండలో పెడితే ఎలా మెరుస్తుందో అలాంటి రంగు. ఆ రంగు కారు ఈ ఊళ్ళో ఒక్కటే ఉండేది. తర్వాత దాని బారెడు ముక్కు చూశాను, సైకిలు చక్రాల్లాగా పుల్లలు పుల్లలుగా ఉన్న చక్రాలు చూశాను, ఇక కాఫీ అక్కడే వదిలేసి, చెప్పులు సగం తొడుక్కుని సగం ఈడ్చుకుంటూ బయటికి నడిచాను.

తాడు దగ్గర కాలేజీ పిల్లలు మూగి ఫొటోలు తీసుకుంటున్నారు. తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన, ఇప్పుడు ఆ కారు ఆయనదట, దాని గొప్పతనం చెబుతున్నాడు. సీమ దేశంలో చేతులతో చేసిన కారట, ఒక నవాబు ఓడలో తెప్పించుకున్నాడట, దీన్ని గ్రాండ్ టూరింగ్ కారు అంటారట, ఇలాంటివి ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టాల్సిందేనట. అంతా బాగానే చెప్పాడు. చివర్లో మాత్రం, బండి మొత్తం పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది గానీ వెనక సీటు ఒక్కటే పాడయిందని, ఎవడో మొద్దుచేతివాడు దాన్ని గోనెసంచి కుట్టినట్టు కుట్టి పెట్టాడని, వచ్చే వారం ఆ సీటు విప్పి బొంబాయి పంపి తోలంతా మార్పించేస్తున్నానని అన్నాడు. పిల్లలు నవ్వారు. నాకు మాత్రం నెత్తిన ఎవరో మొట్టినట్టయింది. ఎందుకంటే ఆ మొద్దుచేతివాడు ఎవడో కాదు, నేను. ఆ కుట్టు వేసింది ఈ చెయ్యే.

నాకు నా పేరు రాసుకోవడం దాటి చదువు రాదు, ఇదంతా నేను వాగుతుంటే మనవరాలు రాసి పెడుతోంది. కాబట్టి అటూ ఇటూ పోతే సర్దుకోండి. మీరూ నా వయసు వాళ్ళే అయితే మీకు చెప్పాల్సిన పని కూడా లేదు, సినిమా వాళ్ళు మద్రాసు వదిలి ఒక్కొక్కరే వచ్చి జూబ్లీహిల్స్‌లో బండరాళ్ళు పగలగొట్టి మేడలు కట్టుకుంటున్న రోజులు గుర్తుండే ఉంటాయి. పొద్దున లేస్తే రాళ్ళు పేల్చే చప్పుడు, మధ్యాహ్నానికి గాలి నిండా తెల్లటి దుమ్ము. మేము కొండ కింద రహమత్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం, మా ఆయన కొండ మీద ఒక నిర్మాతగారి దగ్గర డ్రైవరు. ఆ అయ్యగారిది కృష్ణ అవతల పల్లెటూరు, తెల్ల పంచె, తెల్ల చొక్కా, నోట్లో ఎప్పుడూ వక్కపొడి, ఎవరి మీదా గొంతు లేపని మనిషి. ఆయనకున్న పిచ్చల్లా రెండే, ఒకటి సినిమా, రెండోది ఈ వంకాయ రంగు కారు.

కారును ఆయన టోలిచౌకి దగ్గర ఒక పాత నవాబుల ఇంట్లో కొన్నారు. దాన్ని తేవడానికి మా ఆయనే పోయాడు. ఆ ఇంట్లో లెక్కలు రాసే ముసలి ముంషీ ఒకాయన తాళాలు చేతిలో పెడుతూ, ఇది గ్రాండ్ టూరింగ్ బండి, దీన్ని సంతకు తోలే బండిలా తోలకు మియా అని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడట. మా ఆయన ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఇది మామూలు కారు కాదే, టూరింగ్ కారు అని రొమ్ము విరుచుకుని చెప్పాడు. ఇక చూడండి నా తెలివి. నా చిన్నప్పుడు మా ఊరికి ఏడాదికి ఒకసారి టూరింగ్ టాకీసు వచ్చేది, పొలంలో గుడ్డ డేరా వేసి, నేల మీద ఇసక పోసి, దీపాలు పెట్టే వేళకు ఆట మొదలుపెట్టేవారు. టూరింగ్ అన్న మాట నేను జీవితంలో విన్నది ఆ ఒక్క చోటే. పైగా మా అయ్యగారు సినిమా ఆయన. ఇంకేముంది, ఇది టూరింగ్ టాకీసులకు రీళ్ళ పెట్టెలు మోసే కారన్నమాట అనుకున్నాను. అనుకుని ఊరుకున్నానా, బోరింగు దగ్గర నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళందరికీ అదే చెప్పాను. వాళ్ళూ నమ్మారు. ఎందుకు నమ్మరు, బస్తీలో సగం మంది సినిమా వాళ్ళ ఇళ్ళలోనే పని చేసేవాళ్ళం, అక్కడ ఏ వస్తువైనా సినిమా కోసమే ఉంటుందని మా నమ్మకం.

ఇక మా ఆయన సంగతి. ఆ మనిషి నన్ను పెళ్ళి చేసుకున్నప్పుడు కూడా అంత మురిసిపోలేదు. తెల్లారి లేచి కొండెక్కితే దాన్ని కడగడం, తుడవడం, మళ్ళీ తుడవడం. అయ్యగారి పాత పంచెలు చింపి మెత్తటి గుడ్డలు చేసుకున్నాడు. చక్రాల పుల్లల మధ్య దుమ్ము తీయడానికి చీపురుపుల్లకు దూది చుట్టుకున్నాడు. ముందున్న తెల్ల రేకులు చింతపండుతో తోముతానని ఒకనాడు నేను ప్రేమగా అంటే కొట్టినంత పని చేశాడు. బస్తీ ఆడవాళ్ళు ఊరుకుంటారా, బోరింగు దగ్గర నన్ను ఆటపట్టించేవారు.

“ఏమక్కా, మీ ఆయన కొండ మీద చిన్నిల్లు పెట్టిండంట గద.”

“పెట్టిండు. నాలుగు చక్రాల ముండ. దానికి రోజు తానాలు పోస్తున్నడు, నన్ను మాత్రం అంటుకోనిస్తలేడు దాన్ని.”

అది నిజమే. రోజూ మధ్యాహ్నం నేను గిన్నెల క్యారియరు తీసుకుని కొండెక్కేదాన్ని. ఆయన తింటూ ఉంటే నేను ఆ కారు చుట్టూ తిరిగేదాన్ని. అద్దంలోంచి లోపలికి చూస్తే పాత పందిరిమంచం కర్రలా నిగనిగలాడే చెక్క, దాని మీద గోడ గడియారాల్లా ముళ్ళున్న గుండ్రటి బిళ్ళలు, బెల్లం రంగు తోలు సీట్లు. తలుపు తీసి ఉన్నప్పుడు లోపలినుంచి కొత్త చెప్పుల వాసన, పెట్రోలు వాసన, అయ్యగారి వక్కపొడి వాసన కలిసి వచ్చేవి. పైన రేకు మొత్తం చెక్క సుత్తితో మనుషులు కూర్చుని కొట్టిందేనని అయ్యగారు ఒకసారి చెప్పారు. మా మేనమామ ఇత్తడి బిందెలు కొట్టేవాడు, ఆ సుత్తి చప్పుడులో పెరిగినదాన్ని కాబట్టి నాకు ఆ మాట ఎంత నచ్చిందో. ఎక్కడో సీమ దేశంలో కూడా ఒక మేనమామ కూర్చుని దీని వీపు మీద టకటకా కొట్టి ఉంటాడు కదా అనుకున్నాను. చెయ్యి వేసి చూడబోతే మా ఆయన ముద్ద నోట్లో ఉండగానే, “చెయ్యి పెట్టకు, వేళ్ళ గుర్తు పడ్తది” అన్నాడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ కారు వల్ల సుఖపడ్డది అయ్యగారు, మా ఆయన, వీళ్ళిద్దరే. అయ్యగారి భార్యకు, అంటే మా అమ్మగారికి, అది కంట్లో నలుసు. దానికి రెండే తలుపులు. ముందు ఇద్దరు కూర్చోవాలి, వెనక ఉన్నది పేరుకే సీటు, పిల్లి పడుకుంటే కుక్కకు చోటు ఉండదు. అమ్మగారు కాస్త ఒళ్ళున్న మనిషి. ఒకసారి ఎవరిదో పెళ్ళికి పట్టుచీర కట్టుకుని అందులో పోయారు. కారు నేలకు అంత దగ్గరగా ఉంటే దిగడం ఎలా, పెళ్ళివారంతా చూస్తుండగా ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యి పట్టుకుని బావిలోంచి తోడినట్టు పైకి లాగారు. ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే పట్టు, దాన్ని అమ్మేయాలి. కుటుంబమంతా కలిసి తిరుపతి పోవడానికి పనికిరాదు, కూరగాయలు తేవడానికి పనికిరాదు, ఇంకెందుకు అని రోజూ అడిగేవారు. అందమైన వస్తువు ఎందుకు అంటే ఎవరి దగ్గర మాత్రం జవాబు ఉంటుంది.

ఒకనాడు నేను క్యారియరుతో వెళ్ళేసరికి అందరూ వాకిట్లోనే ఉన్నారు. బొంబాయి నుంచి ఒక సేటు వచ్చే వారం వచ్చి కారు చూసి తీసుకుపోతాడట. అమ్మగారి ముఖం వెలిగిపోతోంది. అయ్యగారు వక్కపొడి నములుతూ కొండ కేసి చూస్తున్నారు. మా ఆయన కారు వెనక్కి పోయి తుడిచిందే తుడుస్తున్నాడు. నాకు మాత్రం లోపల మండింది. ఉన్న ఒక్క పనికొచ్చే బండిని అమ్మడమేమిటని నాకు ఆశ్చర్యం. నోరు ఊరుకోలేదు.

“అమ్మగారూ, గా కారు అమ్ముకుంటే మరి మన సినిమా డబ్బాలు టూరింగ్ టాకీసులకు ఎట్ల పోతయి?”

అందరూ నా వంక చూశారు. మేనేజరు, ఆయన కూడా కోస్తావాడే, ఒళ్ళు తెల్లగా పెద్దగా పనసపండులా ఉండేవాడు, ఏంటమ్మా నువ్వనేది అని అడిగాడు. నేను తడుముకోకుండా చెప్పాను, ఇది టూరింగ్ కారు గద సారూ, టూరింగ్ టాకీసులకు డబ్బాలు తోలెటిది. మేనేజరు పొట్ట పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారైతే వక్కపొడి గొంతుకు అడ్డం పడేలా నవ్వి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. మా ఆయన తల ఎత్తలేదు. ఆ రోజు నుంచి మేనేజరు నేను కనబడితే చాలు, డబ్బాల కారు ఎలా ఉందమ్మా అనేవాడు. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు గానీ, మా ఆయన వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నా మీద కోపం కాదు. కారు పోతుందని. రాత్రి పడుకున్నా చేతి వేళ్ళు స్టీరింగు పట్టుకున్నట్టు ముడుచుకుని ఉండేవి. అంత పెద్ద మనిషి ఒక ఇనప వస్తువు కోసం అలా అయిపోతుంటే నవ్వాలో ఏడవాలో తెలియక నేను రెండూ చేశాను.

సేటు రావాల్సిన వారంలోనే అయ్యగారి కొత్త సినిమా విడుదలయింది. ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఆయన సొంత ఊళ్ళో ఇంకా టూరింగ్ టాకీసు డేరా ఉంది, చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని మొదటి బొమ్మ చూసింది ఆ డేరాలోనే. అందుకని ఆయన ఏ సినిమా తీసినా, పట్నాల్లో ఎన్ని హాళ్ళలో వేసినా, విడుదల రోజు సాయంత్రం మొదటి ఆట ఆ డేరాలో పడాల్సిందే, ముందు వరసలో వాళ్ళమ్మ, పక్కన ఈయన కూర్చోవాల్సిందే. సినిమా వాళ్ళకు ఇలాంటి సెంటిమెంట్లు ఎంత గట్టివో ఫిల్మ్‌నగర్ ఎరిగిన వాళ్ళకు తెలుసు, పక్కింట్లో తుమ్మితే షూటింగు ఆపేసిన వాళ్ళను చూశాను నేను.

ఆ రోజు ఏం జరిగిందంటే, ల్యాబులో చివరి రీలు పాడయి మళ్ళీ ప్రింటు తీయాల్సి వచ్చింది. మిగతా ఊళ్ళ పెట్టెలన్నీ ముందే పోయాయి, డేరాకు పోవాల్సిన పెట్టెలు మాత్రం మధ్యాహ్నం భోజనాల వేళకు గానీ చేతికి రాలేదు. వాటిని తీసుకుని అయ్యగారి కోసం వచ్చిన జీపు ఇంటి ముందు ఎత్తు ఎక్కలేక క్లచ్చు కాలిపోయి నిలబడింది. ఇంట్లో ఉన్న పెద్ద కారేమో హీరోయిన్ వాళ్ళమ్మను తేవడానికి ఎయిర్‌పోర్టుకు పోయింది. పోకున్నా లాభం లేదు, అది ఎంత తోలినా చీకటి పడ్డ చాలాసేపటికి గానీ కృష్ణ దాటదు. నేను క్యారియరు పట్టుకుని గేటులో అడుగుపెట్టేసరికి అయ్యగారు మెట్ల మీద కూలబడి ఉన్నారు. అమ్మ కూర్చుని ఉంటుందయ్యా అక్కడ, అని మేనేజరుతో అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నారు. అప్పుడు నన్ను చూశారు. చూసి లేచి నిలబడ్డారు.

“అమ్మాయ్, ఆ రోజు నువ్వన్నదే మాట. టూరింగ్ కారుని టూరింగ్‌కే పంపిద్దాం. ఏవయ్యా, తియ్యి బండి.”

మా ఆయన క్యారియరు మూత కూడా తీయలేదు. ఒక పెట్టె వెనక డిక్కీలో పట్టింది, రెండు పెట్టెలు ఆ పిల్లి సీటు మీద పెట్టారు. రీళ్ళ పెట్టెలు చూశారు కదా, ఇనప మూలలతో ఎంత బరువుంటాయో. దారిలో అవి దొర్లకుండా పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మేనేజరు ముందుకొచ్చాడు. ఆయన తల దూరింది, భుజాలు దూరాయి, నడుము దగ్గర ఇరుక్కున్నాడు. లోపలికీ పోడు, బయటికీ రాడు. ఇద్దరు కాళ్ళు పట్టుకుని లాగితే చొక్కా గుండీలు తెగి బయటపడ్డాడు. అయ్యగారు చుట్టూ చూశారు. అక్కడున్న వాళ్ళలో సన్నటిదాన్ని నేనే. అప్పట్లో నేను గాలి వీస్తే ఊగే మనిషిని. అమ్మగారే తువ్వాలు తెచ్చి నా నెత్తికి చుట్టి, జాగ్రత్తమ్మా అన్నారు. ఇంతకాలం ముట్టుకోనివ్వని కారులోకి నన్ను ముడిచి పెట్టెల మధ్య కూరేటప్పుడు మా ఆయన చెవిలో, “ఇప్పుడు గుర్తులు పడయా?” అన్నాను. పళ్ళు కొరికాడు గానీ కళ్ళు నవ్వాయి.

ఆ కారు ఊరి బయట పరిగెత్తగా మా ఆయన కూడా ఎప్పుడూ చూడలేదు. ఇంటి నుంచి స్టూడియోకు, స్టూడియో నుంచి ఇంటికి, అదీ దాని బతుకు, బురదకుంటలో చేప తిరిగినట్టు. విజయవాడ రోడ్డు ఎక్కాక దాని గొంతు మారింది. కొండ మీద ఎప్పుడూ గురగురమంటూ విసుక్కునేది, ఇప్పుడు తంబూరా శ్రుతి చేసినట్టు ఒకటే నాదం, అది నా వెన్నులోంచి పాకి పళ్ళ దాకా వచ్చేది. వేరే బండ్లు దూరం పోయేకొద్దీ అలసిపోతాయి, ఇది దూరం పోయేకొద్దీ తేరుకుంది. లారీలు ముందు కనబడేవి, మరుక్షణం వెనక చిన్నబోయేవి. సూర్యాపేట ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో. మా ఆయన వీపు మాత్రమే కనబడుతోంది నాకు, ఆ వీపు నిటారుగా, భుజాలు వదులుగా, ఎంత హాయిగా ఉన్నాడో వెనకనుంచే తెలిసింది. అయ్యగారికి కూడా దిగులు పోయి మాటలు వచ్చాయి. గ్రాండ్ టూరింగ్ అంటే ఏమిటో అప్పుడు చెప్పారు. సీమ దొరలు ఇద్దరే కూర్చుని, వెనక రెండు పెట్టెలు పడేసుకుని, పొద్దున ఒక దేశంలో బయలుదేరి సాయంత్రానికి ఇంకో దేశం చేరేవాళ్ళట, అంత దూరం పోయినా ఒళ్ళు అలవకుండా, చూసేవాళ్ళు తల తిప్పి చూసేలా చేసిన కార్లట ఇవి, అందుకే ఇద్దరికే చోటట.

“మరి పెట్టెలున్నయి గద సారూ. నేను తప్పేమన్న?”

ఆయన వెనక్కి తిరిగి నన్నూ పెట్టెలనూ చూసి, నిజమేనమ్మా, నువ్వే కరెక్టు అన్నారు. ఎంత సంతోషమయిందో చెప్పలేను. ఆ సంతోషంలో ఉండగానే మేకల మంద అడ్డం వచ్చింది. మా ఆయన బ్రేకు తొక్కాడు. ఒక పెట్టె నా చేతులు జారి ముందుకు పడబోతే బలమంతా పెట్టి వెనక్కి లాగాను, దాని ఇనప మూల సీటు తోలులోకి దిగి జానెడు పొడుగు చీరేసింది. ఆ చిరిగిన చప్పుడు మా ఆయన విన్నాడు. వెనక్కి తిరగలేదు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నా ప్రాణం పోయింది. బొంబాయి సేటు ఈ చిరుగు చూసి వద్దంటే అమ్మగారు ఏమంటారో, వద్దనకుండా తీసుకుపోతే మా ఆయన ఏమయిపోతాడో, నాకు రెండు వైపులా భయమే.

కృష్ణ దాటి కాలవ గట్టు పట్టేసరికి పొద్దు వాలిపోయింది. దీపాలు పెట్టే వేళ దాటుతోంది. అయ్యగారు మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నారు. అప్పుడు వినిపించింది, చేల మీదుగా మైకులో దేవుడి పాట. టూరింగ్ టాకీసులు ఎరిగిన వాళ్ళకు ఆ పాట సంగతి చెప్పాలా. ఆట మొదలయ్యే ముందు డేరా మీది మైకులో దేవుడి పాట వేస్తారు, అది అయిపోయిందంటే తెర మీద బొమ్మ పడ్డట్టే, వంటింట్లో పని వదిలేసి పరిగెత్తడానికి ఆడవాళ్ళకు అదే గంట. పాట చివరికొచ్చింది. అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. పాట ఆగింది. ఒక్క నిమిషం గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ అదే పాట మొదటినుంచి మొదలయింది. అయిపోయింది, మళ్ళీ మొదలయింది. అయ్యగారు కళ్ళు తెరిచి, మా అమ్మే, మా అమ్మే ఆపనివ్వడం లేదు అన్నారు. పాట నడుస్తున్నంతసేపూ మేము ఆలస్యం కానట్టే. మా ఆయన ఆ గతుకుల గట్టు మీద ఆ సుకుమారాన్ని ఎలా తోలాడో, ఆ దేవుడే తోలించాడు.

డేరా ముందు కారు ఆగగానే జనం పొలోమని కమ్ముకున్నారు. పెట్టెలు దించుతుంటే లోపలినుంచి నేను బయటపడ్డాను, తువ్వాలు చెదిరి, కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేక. బాక్సుతో పాటు హీరోయిన్ను కూడా తెచ్చారేంట్రా అని ఎవడో అరిస్తే డేరా డేరా అంతా నవ్వింది. ముందు వరసలో మడత కుర్చీలో కూర్చున్న పెద్దావిడ, అయ్యగారి తల్లి, లేవకుండానే కొడుకును పిలిచింది.

“వచ్చావా అబ్బాయ్. ఆపరేటరు ముండాకొడుకు ఆపేస్తానంటాడు. మావాడు వచ్చిందాకా ఆపావంటే నీ డేరా పీకించేస్తానన్నా. ఆ దేవుడిక్కూడా ఇసుగొచ్చుంటది ఈపాటికి.”

బొమ్మ పడింది. నేను ఇసక మీద కూర్చుని చూశాను, ఆడవాళ్ళు పక్కకు జరిగి చోటిచ్చారు. ఆట అయ్యాక ఆ పెద్దావిడ కర్ర పట్టుకుని కారు చుట్టూ తిరిగింది. ఇంత తొందరగా ఎలా వచ్చావని అడిగింది, దీనివల్లే అని కొడుకు చెప్పాడు. కోడలు దీన్ని అమ్మేయమంటోందని కూడా చెప్పాడు, చిన్నపిల్లాడు ఫిర్యాదు చేసినట్టు. ఆవిడ కారు ముక్కు మీద చెయ్యి వేసి, ఆవును నిమిరినట్టు నిమిరింది. మా ఆయన గుర్తు పడుతుందని అనలేదు.

“దీన్ని అమ్మావంటే నేను ఇంక నీ బొమ్మకి రాను. చెప్పు మీ ఆవిడతో.”

అంతే. బొంబాయి సేటు రాలేదు. అత్తగారి మాట మీద అమ్మగారు మళ్ళీ నోరెత్తలేదు, ఎత్తే దారి కూడా లేదు, సినిమా వంద రోజులు ఆడింది. ఆ రాత్రి ఆ ఊళ్ళోనే మా ఆయన కడుపు నిండా తిని గుర్రు పెట్టి నిద్రపోయాడు. పొద్దున్నే నేను చిరిగిన సీటు సంగతి ఏం చేయాలా అని చూస్తే, డేరా మనిషి ఒకడు గుడ్డ చిరుగులు కుడుతూ కనబడ్డాడు. అతని దగ్గర దబ్బనం, మైనం రాసిన లావు దారం అడిగి తీసుకున్నాను. మా అమ్మ దగ్గర బొంతలు కుట్టడం నేర్చినదాన్ని, ఆ తోలుకు బొంత కుట్టే వేశాను. మా ఆయన పక్కన కూర్చుని దారం అందించాడు. మొద్దుగా ఉంది గానీ గట్టిగుంది అన్నాడు. ఆ మనిషి నోట అంతకంటే పొగడ్త నేను ఎన్నడూ వినలేదు. అయ్యగారు ఉన్నన్నాళ్ళూ ఆ కుట్టు మార్పించలేదు, వెనక పెట్టెలు ఏవీ లేకపోయినా ఎవరైనా అడిగితే, ఇది మా డబ్బాల కారు అని ఆయనే చెప్పేవారు.

తర్వాత అయ్యగారు పోయారు, కారు చేతులు మారింది, మా ఆయన ఇంకో ఇంట్లో ఇంకో కారు తోలాడు, దాన్ని తుడిచాడు గానీ మళ్ళీ మళ్ళీ తుడవలేదు. తర్వాత ఆయనా పోయాడు.

ఇదంతా ఆ ఎర్ర తాడు దగ్గర నిలబడే ఆ తెల్లగడ్డం పెద్దమనిషికి చెప్పాను. మా మనవరాలు చెయ్యి పట్టి లాగుతోంది, ఊరుకో నానమ్మా అని. ఆయన మాత్రం తాడు విప్పి నన్ను లోపలికి రమ్మన్నాడు. వెనక సీటులో కూర్చుంటారా అన్నాడు, నేను నా నడుము చూపించాను. ఇప్పుడు నేనే మేనేజరును. అందుకని మా ఆయన సీటులో కూర్చోబెట్టాడు. నేను స్టీరింగు ముట్టుకోలేదు, గుర్తులు పడతాయని. వెనక్కి చెయ్యి చాపి ఆ కుట్టు తడిమాను. దారం మెత్తబడింది, ముళ్ళు మాత్రం ఒక్కటీ వదలలేదు. ఆయన కూడా వంగి, మళ్ళీ కొత్తగా చూసినట్టు చాలాసేపు చూశాడు. సీటు బొంబాయి పోదులెండమ్మా, మిగతా తోలుకు నూనె రాయిస్తాను, మీ కుట్టు జోలికి పోను అన్నాడు. ఆ తర్వాత వచ్చిన పిల్లల గుంపుకు నవాబు సంగతి, సుత్తి సంగతి అన్నీ చెప్పి, గ్రాండ్ టూరింగ్ అంటే టూరింగ్ టాకీసుకు బాక్సులు మోసిన కారు అని నా వంక చూసి నవ్వాడు.

మా మనవరాలు పనిచేసేది ఆ వెనక సందులోనే, సినిమాలను హాళ్ళకు పంపే ఆఫీసులో. తిరిగి వచ్చి కూర్చున్నాక, మరి ఇప్పుడు పెట్టెలు ఎట్ల పోతయి బిడ్డా అని అడిగాను. పెట్టెల్లేవు నానమ్మా, ఒక మీట నొక్కితే ఎన్ని హాళ్ళకైనా పోతది అంది. అందేదాకా మరి మీరేం జేస్తరు అంటే, ఏం లేదు, చాయ్ తాగుతం అని నవ్వింది. మంచిదే. ఎవరూ మెట్ల మీద కూలబడరు, ఎవరి సీట్లూ చిరగవు. కానీ ఒక ఊరు ఊరంతా ఇసక మీద కూర్చుని, ఎక్కడో కాలవ గట్టు మీద వస్తున్న ఒక బండి కోసం దేవుడి పాటను మళ్ళీ మళ్ళీ వినడం, ఆ విసుగు, ఆ నవ్వులు, కారు దీపాల వెలుతురు కనబడగానే లేచిన ఆ కేక, ఇవి ఆ మీటలో ఎక్కడ పడతాయో నాకు తెలియదు. ఇప్పుడు బొమ్మ ఎవరికోసమూ ఆగదు, బొమ్మ కోసం ఎవరూ ఆగరు.

పొద్దు గూకేవేళకు ఆ పెద్దమనిషి తాళం తిప్పి కారు తీశాడు. మొదట కొండ మీది విసుగు గురగుర, తర్వాత దిగుడులో పడగానే ఆ తంబూరా నాదం. నేను రోడ్డు పక్కన నిలబడి చెవి అటు పెట్టాను. క్యాబు వచ్చింది నానమ్మా, ఆగడంట, జల్ది రా అని మనవరాలు పిలుస్తోంది. జర ఆగమను బిడ్డా, ఇంకా ఇనబడుతున్నది అన్నాను.